కంపెనీ పేరు మీద కారు కొంటున్నారా? ట్యాక్స్ నిజంగా ఎంత మిగులుతుంది.. ఎక్కడ తేడా కొడుతుంది?

సొంతంగా ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ నడిపేవాళ్లు కారు కొనాలనుకోగానే చుట్టూ ఉన్నవాళ్లు ఇచ్చే సలహా ఒక్కటే.. ‘కంపెనీ పేరు మీద కొనెయ్, ట్యాక్స్ అంతా మిగిలిపోతుంది’ అని. అందులో సగమే నిజం. పన్ను తగ్గే మాట వాస్తవమే గానీ, కారు ఖరీదంతా తిరిగి రాదు. పైగా ఆ కారులో ఎవరు, ఎందుకు తిరుగుతున్నారన్న దాన్ని బట్టి డైరెక్టర్ సొంత జేబుకూ పన్ను తగులుతుంది. 2025-26 ఆర్థిక సంవత్సరానికి వర్తించే నిబంధనల ప్రకారం ఆ లెక్కలేంటో చూద్దాం.

ముందుగా కంపెనీకి కలిసొచ్చేదేంటి? కారు ఖరీదు మొత్తాన్ని కొన్న ఏడాదే ఖర్చుగా రాసుకోవడానికి కుదరదు. ఏటా 15 శాతం చొప్పున తరుగుదల, అంటే డిప్రిసియేషన్ మాత్రమే చూపించుకోవాలి. అది కూడా ఏటేటా తగ్గిపోతున్న విలువ మీద. ఉదాహరణకు రూ.20 లక్షల కారు తీసుకుంటే మొదటి ఏడాది రూ.3 లక్షలు, రెండో ఏడాది రూ.2.55 లక్షలు, మూడో ఏడాది రూ.2,16,750 తరుగుదల వస్తుంది. మూడేళ్లకు కలిపి రూ.7,71,750. కంపెనీ 22 శాతం పన్ను విధానంలో ఉంటే సర్‌ఛార్జీ, సెస్ కలిపి 25.168 శాతం కడుతుంది. ఆ లెక్కన మూడేళ్లలో తరుగుదల వల్ల మిగిలే పన్ను దాదాపు రూ.1.94 లక్షలు. రూపాయి ఖర్చు చూపిస్తే పావలా మిగులుతుందన్నమాట. మిగతా ముప్పావలా కంపెనీదే.

లోన్ వడ్డీ, ఇన్సూరెన్స్, పెట్రోల్, సర్వీసింగ్, డ్రైవర్ జీతం కూడా కంపెనీ ఖర్చు కిందే వెళ్తాయి. వాటి మీదా అదే పావలా లెక్క.

ఇక్కడ తేదీ కూడా ముఖ్యమే. ఆ ఏడాదిలో కారును 180 రోజుల కంటే తక్కువ వాడితే తరుగుదల సగానికి పడిపోతుంది, అంటే 7.5 శాతమే. అక్టోబరు మొదటి వారం దాటాక రోడ్డెక్కిన కారుకు మొదటి ఏడాది రూ.3 లక్షలకు బదులు రూ.1.5 లక్షలే వస్తుంది. మార్చి నెలాఖరులో బుక్ చేసి, డెలివరీ ఏప్రిల్‌లో తీసుకుంటే ఆ ఏడాదికి అసలేమీ రాదు. అడ్వాన్స్ కట్టిన తేదీ కాదు, కారు వాడకంలోకి వచ్చిన తేదీనే చూస్తారు. ఎలక్ట్రిక్ కారుకైతే తరుగుదల రేటు 40 శాతం. అదే రూ.20 లక్షలకు మొదటి ఏడాదే రూ.8 లక్షలు చూపించుకోవచ్చు.

జీఎస్టీ వెనక్కి వస్తుందా?

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. కంపెనీకి జీఎస్టీ నంబర్ ఉంది కాబట్టి కారు మీద కట్టిన జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చని అనుకుంటారు. కుదరదు. డ్రైవర్‌తో కలిపి 13 సీట్ల లోపు ఉండే ప్యాసింజర్ వాహనాలకు జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) ఈ క్రెడిట్‌ను ఆపేసింది. కార్లు అమ్మే డీలర్లు, ట్యాక్సీలు నడిపేవాళ్లు, డ్రైవింగ్ స్కూళ్లకే మినహాయింపు. ఆ కారు ఇన్సూరెన్స్, రిపేర్ల మీద కట్టే జీఎస్టీకీ ఇదే రూల్. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లకు 18 శాతం, పెద్ద కార్లకు 40 శాతం, ఎలక్ట్రిక్ కార్లకు 5 శాతం జీఎస్టీ ఉంది. క్రెడిట్ రాని ఈ మొత్తం కారు ఖరీదులో కలుస్తుంది కాబట్టి, దాని మీద తరుగుదల మాత్రం తీసుకోవచ్చు.

రూ.10 లక్షలు దాటిన కారుకు డీలర్ వసూలు చేసే 1 శాతం టీసీఎస్ వేరు. అది కంపెనీ పాన్ మీద జమవుతుంది, రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు. ఇక తెలంగాణలో అయితే వ్యక్తుల కంటే కంపెనీల పేరు మీద రిజిస్టరయ్యే కార్లకు లైఫ్ ట్యాక్స్ శాతం ఎక్కువ. మిగిలిన పావలాలో కొంత ఆర్టీఏ ఆఫీసులోనే ఖర్చయిపోతుందని ముందే లెక్కేసుకోవాలి.

అసలు చిక్కు డైరెక్టర్ దగ్గరే

కారులో పిల్లల్ని స్కూల్లో దింపారు, పండక్కి ఊరెళ్లొచ్చారు. అప్పుడు ఆ ఖర్చును కంపెనీ లెక్కల్లోంచి తీసేస్తారా? కంపెనీ అనేది వేరే వ్యక్తి, దానికి ‘సొంత వాడకం’ అంటూ ఉండదని సయాజీ ఐరన్ కేసులో గుజరాత్ హైకోర్టు చెప్పింది. డైరెక్టర్‌కు దక్కిన సౌకర్యాన్ని ఆయన ఆదాయంగా చూడాలి తప్ప కంపెనీ ఖర్చును కోయకూడదన్నది దాని సారాంశం. అంటే పన్ను పోలేదు, చేతులు మారింది. దీన్నే పెర్క్విజిట్ అంటారు.

కారు ఆఫీసు పనికీ, సొంత పనికీ రెండింటికీ వాడుతూ ఖర్చులన్నీ కంపెనీ భరిస్తుంటే రూల్ చాలా ఉదారంగా ఉంది. ఇంజిన్ 1.6 లీటర్ల లోపైతే నెలకు రూ.1,800, దాటితే రూ.2,400, డ్రైవర్ ఉంటే మరో రూ.900 డైరెక్టర్ జీతానికి కలుపుతారు. పెద్ద కారు, డ్రైవర్ అయినా ఏడాదికి రూ.39,600 మాత్రమే. 30 శాతం శ్లాబులో సెస్‌తో కలిపి పన్ను రూ.12,355 అవుతుంది.

అదే కారు పూర్తిగా ఇంటి పనికే తిరుగుతోందని తేలితే లెక్క తారుమారు. కారు ఖరీదులో ఏటా 10 శాతం, అంటే రూ.2 లక్షలు.. దానికి పెట్రోల్, ఇన్సూరెన్స్ వంటివి ఒక రూ.1.8 లక్షలు, డ్రైవర్ జీతం రూ.2.4 లక్షలు అనుకుందాం. మొత్తం రూ.6.2 లక్షలు డైరెక్టర్ ఆదాయంలో కలుస్తుంది. పన్ను రూ.1,93,440. కంపెనీకి మూడేళ్ల తరుగుదలతో మిగిలింది ఇంచుమించు అంతే. అది ఒక్క ఏడాదిలోనే ఎగిరిపోతుంది. ఆఫీసు పని మీద ఎక్కడికి, ఎప్పుడు, ఎన్ని కిలోమీటర్లు వెళ్లారో రాసే లాగ్‌బుక్‌ను చాలామంది పట్టించుకోరు గానీ, పూర్తిగా ఆఫీసు వాడకమే, పెర్క్విజిట్ సున్నా అని చెప్పాలంటే అది ఉండి తీరాలి.

‘నేను జీతమే తీసుకోను, నాకు పెర్క్విజిట్ ఏంటి?’ అని కొందరు డైరెక్టర్లు అంటుంటారు. కంపెనీ నుంచి డైరెక్టర్‌కు దక్కే ఏ ప్రయోజనమైనా ఆదాయమేనని 1961 చట్టంలోని సెక్షన్ 2(24) చెబుతోంది. జీతం తీసుకున్నా, తీసుకోకపోయినా తప్పించుకోలేరు.

మరి సొంత జీతంతోనే కొనుక్కుంటే? 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్ల చేతికి రూ.20 లక్షలు రావాలంటే కంపెనీ దాదాపు రూ.29 లక్షలు జీతం ఇవ్వాలి. ఆ రూ.29 లక్షలూ కంపెనీకి ఖర్చే, దాని మీద రూ.7.3 లక్షల వరకు పన్ను తగ్గుతుంది. అంటే నికరంగా పడేది రూ.21.75 లక్షలు. చెప్పుకునేంత భారీ తేడా లేదు. కారు సగానికి పైగా వ్యాపారం మీద తిరిగేవాళ్లకే కంపెనీ పేరు లాభం. ప్రొప్రైటర్లకైతే ఈ చర్చే వేరు. అక్కడ వ్యాపారం, మనిషి ఒకే పాన్. సొంత వాడకం ఎంతో అంత భాగం ఖర్చును అధికారులు నేరుగా కోసేయొచ్చు.

చివరగా అమ్మకం. మూడేళ్లయ్యాక కారును రూ.5 లక్షలకు తన పేరు మీదే రాయించుకుందామని డైరెక్టర్ అనుకుంటే జాగ్రత్త. ఉద్యోగికి కారు అమ్మేటప్పుడు విలువను ఏటా 20 శాతం చొప్పున తగ్గించి చూస్తారు. రూ.20 లక్షల కారు మూడేళ్లకు రూ.10.24 లక్షలు. తేడా రూ.5.24 లక్షలు మళ్లీ డైరెక్టర్ జీతంలో పడుతుంది. బయటివాళ్లకు అమ్మితే తరుగుదల పోగా మిగిలిన విలువ కంటే ఎక్కువ వచ్చిన మొత్తం మీదే 18 శాతం జీఎస్టీ. పై ఉదాహరణలో ఆ విలువ రూ.12,28,250. రూ.13 లక్షలకు అమ్మితే జీఎస్టీ రూ.12,915 కట్టాలి, రూ.11 లక్షలకే పోతే కట్టాల్సిందేమీ లేదు.