అడిగే నేర్పు చాలదు

నేడు మన ఇళ్లలో పాఠాల నుంచి ధర్మసందేహాల దాకా చాట్‌బాట్‌నే అడుగుతున్నారు. అది తప్పు చెబితే, అడిగినవారికి నేర్పు లేదంటారు. ఇందులో సత్యం కొంతే. ప్రశ్న స్పష్టమైతే జవాబు మెరుగవుతుంది; అంతమాత్రాన నిజం కాబోదు. తర్వాత ఏ పదం రాగలదో అంచనా కట్టి రాసే యంత్రమది. ఆధారం లేనిచోట కూడా అంతే ధీమాగా మాట్లాడగలదు.

ఏటికొప్పాక లక్కబొమ్మను చూడండి. అంకుడు కర్రను ఎంత నేర్పుగా మలచినా, లక్కలో కలిపిన రంగు ఆకులు, బెరళ్ల నుంచి తీసినదో, రసాయనమో పనితనం చెప్పదు. పసిబిడ్డ నోట పెట్టుకునే వస్తువు గనుక విచారించి కొంటాము.

2023లో న్యూయార్క్‌లో ఒక అనుభవజ్ఞుడైన న్యాయవాది చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను కోర్టుకు సమర్పించాడు. అవి నిజమేనా అని దానినే అడిగితే నిజమేనన్నది. చివరకు 5,000 డాలర్ల జరిమానా పడింది. వృత్తి నైపుణ్యం ఆయనను కాపాడలేదు. సాక్షి చేతనే సాక్ష్యాన్ని ధ్రువీకరింపజేయడమే ఆ పొరపాటు.

హదీసు పండితులు మాట సొగసుతో తృప్తిపడక, దానిని చేరవేసినవారి పరంపరను, ఇస్నాద్‌ను, పరీక్షించారు. చాట్‌బాట్ మూలం పేరు చెప్పినా, ఆ మూలాన్ని తెరచి చూడనిదే నమ్మరాదు. మందు మోతాదును వైద్యునితోను, వారసత్వ వాటాను ఆలింతోను, హదీసును మూలగ్రంథంతోను సరిచూసుకోవడం మన బాధ్యత.