పదికి ఎన్ని?

విషయం ఇచ్చింది ఎడిటర్‌ గారు. చిన్నప్పటి కష్టాలు పెద్దయ్యాక ఒంటిని, మనసును ఎలా పట్టి పీడిస్తాయో రాయాలి. గడువు గురువారం రాత్రి. దాంతోపాటే ఓ కోరిక: ‘‘చివర్లో పాఠకులే మార్కులు వేసుకునే పరీక్ష పెట్టండి. అమెరికావాళ్లవి పది ప్రశ్నలున్నాయట కదా. ఆదివారం పొద్దున్నే ఇంటిల్లిపాదీ పెన్ను పట్టుకుంటారు.’’ ఆ పది ప్రశ్నలూ ముందేసుకుని కూర్చున్నాను. లేచేసరికి మిగతా సరంజామా అంతా పక్కకు పోయి, ఆ కాగితమే కథనమై కూర్చుంది. పరీక్ష మాత్రం ఈ పేజీల్లో ఎక్కడా ఉండదు.

కాగితం ఒక్క పేజీకి మించదు. మీకు పద్దెనిమిదేళ్లు నిండకముందు ఇంట్లో ఇవి జరిగాయా అని అడుగుతుంది. పెద్దవాళ్లు తరచూ తిట్టి, చులకన చేసి, కొడతారేమోనని హడలగొట్టేవారా? నెట్టడం, చెంప పగలగొట్టడం, వస్తువులు విసరడం మామూలుగా ఉండేదా, లేక ఒక్కసారైనా వాతలు తేలేలా కొట్టారా? మీకంటే కనీసం అయిదేళ్లు పెద్దవారెవరైనా లైంగికంగా తాకారా? నన్ను పట్టించుకునేవారే లేరని తరచూ అనిపించేదా? తిండికీ, ఉతికిన బట్టకూ కరువుండేదా, మిమ్మల్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లలేనంత మత్తులో పెద్దవాళ్లు పడి ఉండేవారా? అమ్మానాన్నలు విడిపోయారా? అమ్మ దెబ్బలు తినేదా? ఇంట్లో తాగుడుకు బానిసైనవారు ఉండేవారా? మానసిక వ్యాధితో బాధపడ్డవారు? జైలుకెళ్లినవారు? అవునంటే ఒకటి, కాదంటే సున్నా. అట్టడుగున మొత్తం వేసే గడి.

ఆ కూడిక దగ్గరే నా పెన్ను ఆగిపోయింది. బాబాయి ఆరు నెలలు జైల్లో ఉండి వచ్చినా ఒకటే. సొంత మనిషి చేతుల్లో ఏళ్ల తరబడి నలిగిపోయినా ఒకటే. ఎంత తీవ్రంగా, ఎన్నాళ్లు, ఏ వయసులో అన్నది ఆ గడికి పట్టదు. పక్కనే ఓ అమ్మమ్మ ఉండి, రాత్రిళ్లు దగ్గరికి లాక్కుని పడుకోబెట్టుకుందేమో, దానికీ చోటు లేదు.

ఇది ఎక్కడ పుట్టిందో గబగబా చెప్పేస్తాను. 1980ల నడుమ శాన్‌డియాగోలో, కైసర్‌ పర్మనెంటే వైద్య సంస్థలో డాక్టర్‌ విన్సెంట్‌ ఫెలిట్టి స్థూలకాయులకు బరువు తగ్గించే క్లినిక్‌ నడిపేవాడు. చిత్రమేమిటంటే, బాగా తగ్గుతున్నవాళ్లే మధ్యలో మానేసేవారు. సుమారు 185 కిలోల బరువుతో వచ్చిన ఒకావిడ ఏడాదిలోపే 60 కిలోలకు దిగింది. తర్వాత మూడు వారాల్లో 17 కిలోలు పెరిగింది. పనిచేసేచోట పెళ్లయిన ఓ పెద్దవయసు మనిషి ఆమె అందం మెచ్చుకుని సంబంధానికి రమ్మన్నాడట. ఆ మాటతో చిన్నప్పుడు తాత చేసిన అఘాయిత్యం పైకి లేచింది. ఆవిడ ఆ లావు వెనక దాక్కుంటోందని డాక్టరుకు అప్పటికి అర్థమైంది. అక్కడినుంచి 286 మందితో మాట్లాడాడు. చాలామందికి బాల్యంలో ఇలాంటిదే ఏదో ఉంది. 1990లో ఓ వైద్య సదస్సులో ఈ సంగతి చెబితే తోటివాళ్లు పెదవి విరిచారు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ మాత్రం చెవి ఒగ్గింది. అక్కడి రాబర్ట్‌ ఆండాతో కలిసి 1995-97 మధ్య 17 వేలకు పైగా మందిని ప్రశ్నించారు.

1998 మే నెలలో తొలి విడత ఫలితాలు అచ్చయ్యాయి. అప్పటికి ప్రశ్నలు ఏడు రకాలే, తర్వాత పదయ్యాయి. నాలుగు లేదా అంతకుమించి ‘అవును’లు ఉన్నవారిలో, ఒక్కటీ లేనివారితో పోలిస్తే, ఆత్మహత్యాయత్నం ముప్పు 12 రెట్లు, తాగుడు వ్యసనం 7 రెట్లు, కుంగుబాటు నాలుగున్నర రెట్లు, గుండెజబ్బు రెండు రెట్లు పైచిలుకు తేలింది. వీళ్లెవరూ మురికివాడల జనం కాదు. ఆరోగ్య బీమా ఉన్న మధ్యతరగతి, సగటు వయసు 57, ముప్పావు వంతు తెల్లవాళ్లు. కష్టం బీదవాళ్ల ఇళ్లలోనే ఉంటుందనుకునే పెద్దమనుషులకు అక్కడ తల తిరిగింది.

ఇదంతా ఒంట్లో ఎలా జరుగుతుంది? భయం వేసినప్పుడు మెదడు హెచ్చరిక పంపుతుంది, కార్టిసాల్‌, అడ్రినలిన్‌ విడుదలవుతాయి, గుండె వేగం పెరుగుతుంది. ప్రమాదం దాటాక అన్నీ సద్దుమణగాలి. ప్రమాదం రోజూ సాయంత్రం ఇంటికే వచ్చే పిల్లవాడిలో ఇది ట్యాంకు నిండినా ఆగని మోటారులా నడుస్తూనే ఉంటుంది. బ్రూస్‌ మెక్‌ఇవెన్‌ అనే శాస్త్రవేత్త ఈ అరుగుదలకు ‘అలోస్టాటిక్‌ లోడ్‌’ అని పేరు పెట్టాడు. రక్తపోటు, వాపు, నిద్ర, చక్కెర అన్నింటి మీదా దాని బరువు పడుతుంది. రెండో దారి మనందరికీ తెలిసిందే. లోపలి గుబులు అణచుకోవడానికి సిగరెట్టు, మందు, అదుపు లేని తిండి. బయటివాళ్లకు వ్యసనంగా కనిపించేది లోపలున్న మనిషికి మందులా పనిచేస్తోందని ఫెలిట్టి వాదన. ఈ ఒక్క మాటకు ఆయనంటే నాకు గౌరవం.

ఇప్పుడు అదే కాగితాన్ని మన వాకిట్లో పెట్టి చూద్దాం. రెండో ప్రశ్న దగ్గరే మనలో చాలామందికి ఒక మార్కు ఖాయం. దండం దశగుణం భవేత్‌ అంటూ పెరిగిన తరాలు మనవి. మొట్టికాయ, తొడపాశం, గోడకుర్చీ అన్నీ ప్రేమ కిందే జమ. అయితే బడిలో తిన్న దెబ్బ ఈ కాగితం లెక్కలోకే రాదు, ఇంటి గడప దాటి అది అడగదు. ఇంటర్‌ హాస్టల్లో రాత్రి పదకొండు దాకా సాగే స్టడీ అవర్‌ను, ర్యాంకు తగ్గితే అందరి ముందు నిలబెట్టి అనే మాటల్ని అడగదు. అమ్మానాన్నలు విడిపోయారా అంటుంది గానీ, గల్ఫ్‌లో ఉండి రెండేళ్లకోసారి వచ్చే నాన్నను ఏ గడిలో వేయాలో చెప్పదు. కులం పేరుతో వెనక బెంచీలో కూర్చోబెట్టిన పిల్లకు ఇందులో సున్నా.

తాగుడు ప్రశ్న మాత్రం మనకు అచ్చంగా సరిపోతుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా మీద ఆడవాళ్లు తిరగబడ్డ సంగతి తెలిసిందే. ఆ ఇళ్లలో అప్పుడు పదేళ్లున్న పిల్లలకు ఇప్పుడు నలభై దాటింది. బీపీ, షుగర్‌ పరీక్షలకు వరుసలో నిలబడే వయసు. ‘‘మీ నాన్న తాగేవాడా?’’ అని వాళ్లను అడిగే ఓపీ చీటీ నేనింతవరకూ చూడలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వేరే ప్రశ్నావళి తయారు చేసింది. అందులో తోటిపిల్లల వేధింపు, వీధి హింస, పోలీసులో సాయుధ ముఠాలో కొట్టడం, ఇల్లు వదిలి పారిపోవాల్సి రావడం ఉన్నాయి. మొదటి పెళ్లి ఏ వయసులో జరిగింది, భర్తనో భార్యనో మీరే ఎంచుకున్నారా అని కూడా అడుగుతుంది. ఈ ఒక్క ప్రశ్నతోనే అది మన ఊరి దారి పట్టింది.

అయినా పరీక్ష ఎందుకు పెట్టలేదంటే, ఆ స్కోరు గుంపుకు చెప్పే నిజం మనిషికి చెప్పలేదు కాబట్టి. నాలుగొచ్చిన వెయ్యిమందిలో జబ్బులు ఎక్కువుంటాయి, నిజమే. ఆ వెయ్యిలో మీరు ఎటువైపున్నారో అంకె చెప్పదు. పరిశోధకురాలు జెస్సీ బాల్డ్విన్‌ బృందం 2021లో న్యూజిలాండ్‌, బ్రిటన్‌ల్లో చిన్నప్పటి నుంచీ గమనిస్తూ వచ్చిన పిల్లల వివరాలతో తేల్చింది ఇదే. జ్ఞాపకం సంగతి మరీ ఇబ్బంది. అదే పరిశోధకురాలి బృందం 2019లో 16 అధ్యయనాలను కలిపి చూస్తే, చిన్నప్పుడు హింసకు గురైనట్లు నమోదైనవారిలో సగానికి పైగా పెద్దయ్యాక ఆ మాట చెప్పలేదు. పెద్దయ్యాక చెప్పినవారిలో సగానికి పైగా మందికి చిన్ననాటి నమోదు లేదు. ఎవరో అబద్ధమాడారని కాదు, రెండు జల్లెడలూ వేర్వేరు మనుషుల్ని పడుతున్నాయి. ఇక కాలిఫోర్నియా 2020 జనవరి నుంచి ప్రభుత్వ బీమా రోగుల్లో ఈ స్క్రీనింగు చేసినందుకు డాక్టర్లకు ఒక్కోదానికి 29 డాలర్లు చెల్లించసాగింది. అదే ఏడాది, ఫెలిట్టి తొలి అధ్యయనానికి సహ రథసారథి అయిన ఆండాయే, ఈ స్కోరును విడి మనుషుల భవిష్యత్తు చెప్పడానికి వాడొద్దని వ్యాసం రాశాడు.

నాకు నచ్చింది ఆ అడుగున ఉన్న గడి కాదు, పైనున్న ప్రశ్నలు. ఫెలిట్టి క్లినిక్‌లో రోగి నింపిన కాగితం చూసి డాక్టరు, ‘‘ఇది జరిగిందని రాశారు. తర్వాతి జీవితంలో మీ మీద దీని ప్రభావం ఏమిటో చెప్పండి’’ అనేవాడు. తీర్పు లేదు, సలహా లేదు, వినడమే. ఇలా అడిగాక మరుసటేడు డాక్టరు దగ్గరికి రావడాలు మూడో వంతు దాకా తగ్గాయని ఫెలిట్టి చెబుతూ వచ్చాడు. అడగని రోగులతో పోల్చి సరిచూసిన ప్రయోగం కాదది, కాబట్టి ఆ లెక్కను నేను సగమే నమ్ముతాను. వినడానికి అయిదు నిమిషాలు కేటాయించిన డాక్టరు వల్ల నష్టం జరుగుతుందని మాత్రం నమ్మను.

బుకారెస్ట్‌లో ఏం జరిగింది?
1989లో నియంత చౌషెస్కూ పాలన కూలాక రుమేనియా అనాథాశ్రమాల గుట్టు బయటపడింది. 2000లో మొదలైన బుకారెస్ట్‌ అధ్యయనంలో ఆశ్రమాల్లోని 136 మంది పసివాళ్లను తీసుకుని, చీటీ వేసినట్లు సగం మందిని పెంపుడు కుటుంబాలకు అప్పగించారు. ఇళ్లకు చేరినవారు బాగా కోలుకున్నారు. అందులోనూ రెండేళ్ల వయసులోపు చేరినవారికి తెలివితేటల్లో, మనుషులతో అనుబంధంలో మేలు ఎక్కువ కనిపించింది.

మన లెక్కలు
2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో చేయించిన సర్వేలో ముగ్గురిలో ఇద్దరు శారీరక హింస ఎదుర్కొన్నామన్నారు, 53.22 శాతం ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపును చవిచూశామన్నారు. పోక్సో చట్టం 2012లో వచ్చింది. బడిలో కొట్టడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్‌ నిషేధించింది. బెంగళూరు నిమ్హాన్స్‌ ముందుండి నడిపే సీవేదా అధ్యయనం 6 నుంచి 23 ఏళ్ల మధ్య వయసువారిని చేర్చుకుంది. దాని కేంద్రాల్లో మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ ఒకటి.

ఫోన్‌ చేయాలంటే
పిల్లల కోసం 1098. మానసిక ఇబ్బందికి టెలి మానస్‌ 14416, తెలుగులోనూ మాట్లాడతారు. రెండూ ఉచితం, రాత్రింబవళ్లు పనిచేస్తాయి.