కడుపులో గడ్డ: ముక్క పరీక్షకు వెరవరాదు

కడప జిల్లా పల్లెలలో పిల్లవానికి కడుపునొప్పి వచ్చినచో బొడ్డు జారినదని నూనె రాచి పొట్ట రుద్దుదురు, దిష్టి తగిలినదని మిరపకాయలు దిగదుడుతురు, తాయెత్తు కట్టుదురు. సామాన్యమైన నొప్పి దానంతట అదియే తగ్గును. తగ్గని నొప్పిని గూర్చియే మేమిచ్చట ముచ్చటింపదలచినాము.

ఎనిమిదేండ్ల బాలుడొకడు రెండు మూడు వారములుగా సంగటి ముద్ద ముట్టుట లేదనుకొందము. మనిషి చిక్కిపోవును. కడుపు ఉబ్బును. బొడ్డు క్రింద కుడివైపున చేతికి గడ్డ తగులును. వాంతులగును, మలములో నెత్తురు కానవచ్చును. ఒక్కొక్కప్పుడు పేగు పేగులోనికి చొచ్చుకొనిపోయి దారి మూసికొనును. పేగుల క్షయలోను ఇంచుమించు ఇట్టి లక్షణములే కలుగును గనుక మొదట క్షయయే యని తోచుట సహజము. కాని అరుదుగా బర్కిట్ లింఫోమా అను క్యాన్సరు కూడ ఇట్లే బయటపడును.

దేహమును రోగములనుండి కాపాడు తెల్లకణములు పేగు గోడలలోను గుంపులుగా నుండును. వానిలో ఒక జాతి అదుపు తప్పి పెరుగుటయే ఈ వ్యాధి. 1958లో డెనిస్ బర్కిట్ అను శస్త్రవైద్యుడు ఉగాండా దేశపు పిల్లల దవడలలో ఈ గడ్డలను గుర్తించి వర్ణించెను. ఆఫ్రికా వెలుపల ఇది తరచుగా కడుపులో పుట్టును. దీని కణములు ఒకటి రెండు దినములలోనే రెట్టింపు కాగలవు.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. క్షయ మందులు కనీసము ఆరు మాసములు వాడవలెను. వ్యాధి క్షయ కానిచో, మందు పనిచేయునేమో యని ఒక్క మాసము వేచియుండినను ప్రాణమునకు ముప్పు. స్కానింగు గడ్డ యున్నదని చెప్పును. అది యేమి గడ్డయో తేల్చజాలదు. తేల్చునది ముక్క పరీక్ష. వైద్యులు గొట్టము ద్వారా గాని, సూదితో గాని, శస్త్రచికిత్సలో గాని చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదురు. సూక్ష్మదర్శిని క్రింద ఈ వ్యాధి చీకటి ఆకాశమున చుక్కలు పొడిచినట్లు కనిపించును. పిమ్మట రంగు పరీక్షలతో కణజాతిని నిర్ధారింతురు. ఎముక మూలుగను, వెన్నునీటిని పరీక్షించి వ్యాధి ఎంతవరకు ప్రాకినదో తెలిసికొందురు.

ముక్క తీసినచో రోగము రేగునని పెద్దలు వెరచుట కద్దు. వైద్యులు తీయు ముక్కవలన ఈ వ్యాధి ప్రాకదు. అయితే పరీక్షకు ముందు, వైద్యుడు చెప్పనిదే, స్టిరాయిడ్ సూదులు, మాత్రలు వాడరాదు. అవి గడ్డను కొంతకాలము కరగించి వ్యాధిని మరుగుపరచును.

వేగముగా పెరుగు ఈ వ్యాధి మందులకును వేగముగా లొంగును. చికిత్సలో వాడు విన్‌క్రిస్టిన్ మన పెరటి బిళ్ళగన్నేరునుండి లభించినది. అట్లని ఆకులు నమలరాదు, అవి విషము. మెథోట్రెక్సేట్ అను మరియొక మందు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధక బృందము అమెరికాలో రూపొందించినది. సకాలమున పూర్తి చికిత్స పొందిన పిల్లలలో అధికసంఖ్యాకులు కోలుకొనుచున్నారు.

కడప రిమ్స్, కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులకు ముందుగా పోవచ్చును. పై చికిత్సకు తిరుపతి స్విమ్స్, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రి గలవు. 2007లో ఆరోగ్యశ్రీ పేర ఆరంభమైన ప్రభుత్వ పథకములో క్యాన్సరు చికిత్సలు చేరియున్నవి. ఖర్చునకు జంకి జాగు చేయక, కార్డు తీసికొనిపోయి ఆసుపత్రిలో విచారింపవలెను.

రెండు వారములు దాటిన కడుపునొప్పితోపాటు బిడ్డ చిక్కిపోవుచున్నచో ఆసుపత్రికి పోవలెను. గడ్డ యున్నదని చెప్పినచో "అయ్యా, ముక్క పరీక్ష చేయవలెనా?" అని వైద్యుని అడుగుటకు తలిదండ్రులు సంకోచింపరాదు.