సూరత్‌లో ప్లాటు, చేతిలో రోవర్: ఆ కొలతను ఎలా చదవాలి?

సూరత్‌లో లింబాయత్, డిండోలీ వైపు వెళ్తే తెలుగు మాట చెవిన పడుతూనే ఉంటుంది. మగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి తరలివెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడ తరాలుగా స్థిరపడ్డాయి. వాళ్ల పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు కూడా నడుపుతోంది. ఇలాంటి కుటుంబాలకు భూమి వ్యవహారం రెండు చోట్ల ఉంటుంది. సూరత్‌లో కష్టపడి కొనుక్కునే ప్లాటు ఒకటి, ఊళ్లో అన్నదమ్ముల మధ్య మిగిలిన ఎకరమో అరెకరమో ఇంకొకటి. రెండు చోట్లా ఇప్పుడు సర్వేయరు గొలుసు పట్టుకుని రావడం తగ్గిపోయింది. రెండు మీటర్ల కర్ర, దాని మీద తెల్లటి గుండ్రటి డబ్బా, చేతిలో ఫోనంత పరికరం తెస్తాడు. దాన్నే రోవర్ అంటున్నారు. "శాటిలైట్‌తో కొలిచాం, సెంటీమీటరు తేడా రాదు" అని చెబుతాడు. ఆ మాట నిజం కావచ్చు. కానీ ఏ షరతుల మీద నిజమో కొనేవాళ్లకు తెలియాలి. జీవితమంతా కూడబెట్టిన డబ్బు ఆ నాలుగు రాళ్ల మధ్య ఉంటుంది కదా.

ముందు పరికరం పని తీరు చూద్దాం. జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. వాటితో పాటు రష్యా గ్లోనాస్, ఐరోపా గెలీలియో, చైనా బైడూ, మన ఇస్రో నావిక్ ఉన్నాయి. ప్రతి ఉపగ్రహం తాను ఎక్కడుందో, అప్పుడు సమయమెంతో చెబుతూ సంకేతం పంపుతుంది. ఆ సంకేతం చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం తెలుస్తుంది. కనీసం నాలుగు ఉపగ్రహాల దూరాలు దొరికితే మనం నిలబడ్డ చోటు లెక్కకు వస్తుంది. చిక్కంతా సమయంలోనే ఉంది. సెకనులో వంద కోట్లవ వంతు పొరపాటు జరిగితే 30 సెంటీమీటర్ల తేడా వస్తుంది. అందుకే ఫోన్‌లో మ్యాపు చూసి హద్దు తేల్చుకోకూడదు. ఆకాశం బాగా కనిపించే చోట కూడా ఫోను మూడు నుంచి ఐదు మీటర్ల దాకా అటూ ఇటూ చూపిస్తుంది. 20 అడుగుల వెడల్పు ప్లాటుకు ఆ తేడా సగం స్థలం మింగేస్తుంది.

రోవర్ ఆ తేడాను రెండో పరికరం సాయంతో తొలగిస్తుంది. కొట్టువాడు కచ్చితమైన కిలో రాయిని తక్కెడలో పెట్టి, అది కిలో యాభై గ్రాములు చూపిస్తే ప్రతి బేరంలోనూ యాభై గ్రాములు తీసేయడం లాంటిది ఈ పద్ధతి. స్థానం ముందే కచ్చితంగా తెలిసిన చోట ఒక రిసీవర్ ఉంటుంది. దాన్ని బేస్ అంటారు. తనకు తెలిసిన స్థానానికీ, ఉపగ్రహాల నుంచి వస్తున్న లెక్కకూ ఎంత తేడా ఉందో అది క్షణక్షణం చెబుతుంటుంది. రోవర్ ఆ తేడాను తన కొలతలో సవరించుకుంటుంది. ఈ బేస్‌ను సర్వేయరే మూడుకాళ్ల స్టాండు మీద నిలబెట్టుకోవచ్చు. లేదా సర్వే ఆఫ్ ఇండియా దేశమంతటా శాశ్వతంగా నెలకొల్పిన కోర్స్ కేంద్రాల నుంచి మొబైల్ డేటా ద్వారా సవరణ అందుకోవచ్చు. అన్నీ కుదిరితే అడ్డంగా ఒకటి రెండు సెంటీమీటర్ల కచ్చితత్వం వస్తుంది.

కుదిరిందో లేదో తెరమీదే కనబడుతుంది. సర్వేయరు కర్ర నిలబెట్టాక మీరు పక్కన నిలబడి చూడండి. కర్రకున్న చిన్న గాజు బిళ్లలో నీటి బుడగ నడుమకు రావాలి. తెర మీద మొదట 'ఫ్లోట్' అని ఉంటుంది. అంటే లెక్క ఇంకా ఒక కొలిక్కి రాలేదు, తేడా పదుల సెంటీమీటర్లలో ఉండొచ్చు. 'ఫిక్స్' అని మారాకే ఆ బిందువును నమోదు చేయాలి. తొందరలో ఉన్న మనిషి ఫ్లోట్‌లోనే బటన్ నొక్కేస్తే, నకలు మీద మూడు దశాంశాల అంకెలు ముద్రపడి చూడ్డానికి ఎంతో కచ్చితంగా కనిపిస్తుంది. ఈ రంగంలో మామూలు మనిషిని ఎక్కువగా మోసం చేసేవి ఆ దశాంశాలే.

సూరత్‌కు ఇంకో ప్రత్యేకత ఉంది. భూమికి పైన వందల కిలోమీటర్ల ఎత్తులో విద్యుదావేశం నిండిన పొర, అయనోస్ఫియర్, సంకేతాన్ని ఆలస్యం చేస్తుంది. భూ అయస్కాంత మధ్యరేఖకు రెండు వైపులా ఆ ఆవేశం గుట్టపడే పట్టీలు ఉంటాయి. ఉత్తరపు పట్టీ గుజరాత్ మీదుగానే పోతుంది. ఎండ ముదిరిన మధ్యాహ్నాల్లో ఆలస్యం పెరుగుతుంది. సూర్యుడి మచ్చలు ఎక్కువగా ఉండే ఏళ్లలో, ముఖ్యంగా మార్చి, సెప్టెంబరు రోజుల్లో పొద్దు వాలాక సంకేతం మినుకుమినుకుమంటుంది. బేస్ దగ్గర్లో ఉంటే రెండింటికీ ఒకే ఆలస్యం కాబట్టి సవరణలో తీరిపోతుంది. బేస్ ఎంత దూరమైతే ఆ ధీమా అంత సడలుతుంది. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్ భవనాల మధ్యనో, గోపీపురా సందుల్లోనో అయితే కథ వేరు. అక్కడ సంకేతం గోడలకు తగిలి తిరిగొస్తుంది. ఆ దొంగ దూరాన్ని రోవర్ నిజమనుకుంటుంది. అలాంటి చోట బయట రెండు బిందువులు రోవర్‌తో పట్టి, లోపల కోణాలు, దూరాలు కొలిచే టోటల్ స్టేషన్‌తో కొలిచేవాడే పనితనం ఉన్న సర్వేయరు.

విస్తీర్ణం దగ్గర చాలామందికి తట్టని సూక్ష్మం ఒకటుంది. గుండ్రటి భూమిని చదునైన కాగితం మీద పరచాలంటే ఎక్కడో సాగదీయాలి, ఎక్కడో కుదించాలి. సర్వే పటాలకు వాడే యూటీఎం పద్ధతిలో సూరత్ 43వ మండలంలో పడుతుంది, ఆంధ్రప్రదేశ్‌లో చాలా భాగమూ హైదరాబాదూ 44వ దాంట్లో. మండలం నడిరేఖకు సూరత్ దాదాపు 225 కిలోమీటర్ల పడమర ఉండటంతో, నేల మీది కిలోమీటరు పటంలో సుమారు 22 సెంటీమీటర్లు ఎక్కువగా పడుతుంది. విజయవాడ దాదాపు నడిరేఖ మీదే ఉంది కాబట్టి అక్కడ 40 సెంటీమీటర్లు తగ్గుతుంది. హెక్టారు లెక్కకు సూరత్‌లో నాలుగున్నర చదరపు మీటర్లు ఊరికే పెరిగినట్టు కనబడుతుంది. చిన్న ప్లాటుకు ఇది లెక్కలోకి రాదు. పెద్ద చెక్కను గజాల్లోకి, అక్కడి మాటలో వార్‌లలోకి, మార్చి రేటు కట్టేటప్పుడు మాత్రం విస్తీర్ణం పటం మీదిదా నేల మీదిదా అని అడిగి తీరాలి.

ఎత్తు సంగతి కూడా చెప్పాలి. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి వదిలిన నీటితో తాపీ సూరత్‌ను ముంచెత్తింది. ఆ ఊళ్లో ఇంటి పునాది ఎత్తు ప్రాణానికి సంబంధించిన అంకె. రోవర్ నేరుగా ఇచ్చే ఎత్తు సముద్రమట్టం నుంచి కొలిచింది కాదు. లెక్క కోసం ఊహించిన నున్నటి గోళాకారం నుంచి కొలిచింది. మన దేశంలో సముద్రమట్టం ఆ ఆకారానికి పదుల మీటర్ల దిగువన ఉంటుంది కాబట్టి సూరత్‌లో రోవర్ ఎత్తు మైనస్ అంకెగా వస్తుంది. సవరించకుండా దాన్ని వాడకూడదు.

ఇంత జాగ్రత్తగా కొలిచినా రోవర్ చెప్పేది ఈ రాయి ఎక్కడుందన్నదే. రాయి అక్కడ ఉండాలా వద్దా అన్నది దానికి తెలియదు. సూరత్ శివార్లలో ఇది రోజూ ఎదురయ్యే సమస్య. గుజరాత్‌లో 1976 నాటి పట్టణ ప్రణాళికా చట్టం కింద టౌన్ ప్లానింగ్ (టీపీ) స్కీములు వేస్తారు. రైతుల చెక్కలన్నీ కలిపి, రోడ్లకూ పార్కులకూ వాటా తీసి, మిగిలిందాన్ని కొత్త ఆకారంలో తిరిగి ఇస్తారు. పాత చెక్క ఒరిజినల్ ప్లాట్, కొత్తది ఫైనల్ ప్లాట్ (ఎఫ్‌పీ). అమరావతిలో 2015లో భూసమీకరణ చూసినవాళ్లకు ఈ తీరు కొత్తేమీ కాదు. సాత్-బార్ అనే 7/12 పత్రంలో ఉన్న పాత విస్తీర్ణం చూపించి, పాత గట్ల మీద రోవర్ నడిపి, అంగుళం తేడా లేకుండా కొలిచి ఇచ్చినా, ఫైనల్ ప్లాటులో ఆ స్థలం రోడ్డు కిందికి పోయి ఉండొచ్చు. కాబట్టి ముందు టీపీ నక్షా, ఎఫ్‌పీ నంబరు చూడాలి, కొలత ఆ తర్వాతే. సర్కారీ కొలత కావాలంటే జిల్లా భూమి రికార్డుల కార్యాలయం, అక్కడ డీఐఎల్‌ఆర్ అంటారు, దానికి దరఖాస్తు పెట్టుకోవాలి.

పెద్ద ఎత్తున జరిగిన రీసర్వేలు ఈ పాఠాన్ని ఖరీదు పెట్టి నేర్పాయి. గుజరాత్‌లో జామ్‌నగర్‌తో మొదలైన రీసర్వేలో విస్తీర్ణాలు మారాయని, పొలం ఇంకొకరి హద్దులో పడిందని రైతులు మొరపెట్టుకున్నారు. చివరికి జామ్‌నగర్, దేవభూమి ద్వారక జిల్లాల్లో మళ్లీ కొలవాలని ప్రభుత్వమే నిర్ణయించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో మొదలైన రీసర్వేలో డ్రోన్లు, రోవర్లు, కోర్స్ కేంద్రాలు అన్నీ ఉన్నాయి. అయినా విస్తీర్ణం తగ్గిందన్న ఫిర్యాదులు ఊరూరా వచ్చాయి. పరికరాన్ని నిందించడం న్యాయం కాదు. గొలుసు కాలపు కొలతలో ఉన్న తేడా కొన్నిచోట్ల బయటపడింది. కొన్నిచోట్ల రైతు లేనప్పుడు, పక్క పొలం ఆసామికి నోటీసు అందకుండా గట్టు గుర్తించారు. సూరత్‌లో మగ్గం మీద ఉన్న మనిషికి ఊళ్లో సర్వే నోటీసు ఎలా అందుతుంది? ఊళ్లో నమ్మకమైన మనిషిని నిలబెట్టి, నోటీసు, పటం ఫొటోలు తెప్పించుకోవడం, అభ్యంతరం గడువులోగా రాతపూర్వకంగా ఇవ్వడం తప్పనిసరి. కొలమానాల విషయానికొస్తే, తెలంగాణ గుంట, గుజరాత్ గుంఠా రెండూ 121 గజాలే కాబట్టి లెక్క పోల్చుకోవచ్చు. వీఘా మాత్రం గుజరాత్‌లోనే ప్రాంతానికో తీరు. దాని మీద బేరం కుదుర్చుకోవద్దు.

ఇక ప్లాటు దగ్గర, సర్వేయరు సామాను సర్దుకోకముందే, మొదట కొలిచిన రాయి మీద రోవర్‌ను మళ్లీ నిలబెట్టమనండి. నడుమ కాసేపు విరామం ఇచ్చి, పరికరం కొత్తగా ఫిక్స్ అయ్యాక చూడమనండి. రెండు అంకెల మధ్య తేడా రెండు మూడు సెంటీమీటర్లలో ఉంటే బాగుంది. అంతకు మించితే ఆ రోజు పటం మీద సంతకం పెట్టొద్దు. బేస్ ఎక్కడ పెట్టారో, ఏ యూటీఎం మండలం వాడారో, తేదీ, నాలుగు మూలల అంకెలు, పక్క ప్లాట్ల వాళ్ల సంతకాలు ఆ కాగితం మీదే రాయించుకోండి. రేపు రాయి కదిలినా, ఆ అంకెలతో ఏ సర్వేయరైనా అదే చోటు మళ్లీ పట్టుకోగలడు.