కంప్యూటర్ మేల్కొనని వేళ

కంప్యూటరులోని యంత్రభాగాలను నడిపించే మూల సాఫ్ట్‌వేరును ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. అటువంటి వ్యవస్థలలో లినక్స్ ఒకటి. దీని మూలమైన కెర్నెల్‌ను 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ వెలువరించాడు. దీనిని ఎవరైనా ఉచితంగా పొందవచ్చు. మార్చుకొని ఇతరులకు పంచవచ్చు. అందువల్ల జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి పట్టణాల విద్యార్థులకు పాత కంప్యూటరును కూడా వినియోగంలోకి తెచ్చుకొనే అవకాశం కలుగుతుంది. అయితే కొత్తగా లినక్స్‌ను ఎక్కించిన పిదప ఒక్కొక్కప్పుడు కంప్యూటర్ తెరుచుకోదు. అప్పుడు కంగారు పనికిరాదు.

కంప్యూటర్ మేల్కొనడంలో ఒక క్రమమున్నది. మీట నొక్కగానే ఫర్మ్‌వేర్ మేల్కొని యంత్రభాగాలను పరీక్షిస్తుంది. అది బూట్‌లోడర్‌ను పిలుస్తుంది. లినక్స్‌లో సాధారణంగా ఈ పని గ్రబ్ చేస్తుంది. గ్రబ్ కెర్నెల్‌ను జ్ఞాపకశక్తిలోకి తెస్తుంది. కెర్నెల్ డిస్కు విభాగాలను తెరిచి, తక్కిన సేవలను ప్రారంభిస్తుంది. సిరిసిల్లలో సాంచె అని పిలిచే మరమగ్గంపై పోగు తెగితే నేతకార్మికుడు తెగిన చోటును వెదికి ముడివేస్తాడే కాని, నేసిన బట్టను చించివేయడు. ఇక్కడా క్రమం ఎక్కడ తెగినదో గుర్తించడమే తొలి కర్తవ్యం. అందుకు తెరమీది సందేశాన్ని యథాతథంగా రాసుకోవాలి.

బూట్ చేయదగిన పరికరం లేదని సందేశం వస్తే దోషం మొదటి మెట్టులో ఉన్నదని ఊహించవచ్చు. ఫర్మ్‌వేరు అమరికలలో డిస్కు వరుసను సరిచూడాలి. యూఈఎఫ్‌ఐ పద్ధతిలో నడిచే యంత్రంలో పాత బయాస్ పద్ధతిన లినక్స్‌ను స్థాపించినా ఇదే చిక్కు రావచ్చు. సెక్యూర్ బూట్ అమలులో ఉంటే, గుర్తింపు పొందిన సంతకం లేని బూట్‌లోడర్‌ను ఫర్మ్‌వేర్ నిరాకరిస్తుంది.

‘గ్రబ్ రెస్క్యూ’ అన్న అక్షరాలు కనిపిస్తే గ్రబ్ తన దస్త్రాలను కనుగొనలేకపోయిందని అర్థం. స్థాపనకు వాడిన పెన్‌డ్రైవుతో తాత్కాలికంగా లినక్స్‌ను నడిపి, గ్రబ్‌ను తిరిగి స్థాపించాలి. గ్రబ్ పట్టిక కనిపించిన తరువాత తెర నల్లబడితే గ్రాఫిక్స్ డ్రైవరును అనుమానించాలి. కెర్నెల్ వరుస చివర ‘నోమోడ్‌సెట్’ అనే పదం చేర్చి చూడవచ్చు. ‘ఎమర్జెన్సీ మోడ్’ అని వస్తే, ఎఫ్‌ఎస్‌ట్యాబ్ దస్త్రంలో డిస్కు విభాగపు గుర్తింపు సంఖ్య తప్పిందేమో పరిశీలించాలి.

ఏ మార్పు చేసినా ఒకసారికి ఒక్కటే చేయాలి. రెండు మార్పులు కలిపి చేస్తే దోషం దేనివల్ల తొలగినదో తెలియదు. ఓపిక నశించి ‘డిస్కును పూర్తిగా తుడిచివేయి’ అనే మార్గాన్ని ఎంచుకొంటే, విద్యార్థి ప్రాజెక్టు, దుకాణదారు లెక్కలు, కుటుంబపు ఛాయాచిత్రాలు అన్నీ ఒక్క క్షణంలో పోతాయి. కంప్యూటర్ తెరుచుకోనంత మాత్రాన అందులోని సమాచారం నశించినట్లు కాదు. అదే పెన్‌డ్రైవుతో లినక్స్‌ను నడిపి, ఆ దస్త్రాలను ముందుగా వేరొక డిస్కుకు నకలు చేసుకోవాలి. ఆ పిమ్మటనే మరమ్మతు. కారణాన్ని ఎరిగి చేసిన మరమ్మతు విద్య అవుతుంది. ఎరుగక చేసినది అదృష్టంపై ఆధారపడుతుంది.

ప్రశ్నలు
1. కంప్యూటర్ మేల్కొనే క్రమాన్ని వివరించండి.
2. మరమ్మతుకు ముందు దస్త్రాలను ఎందుకు నకలు చేసుకోవాలి?