వాడిన టర్బోచార్జరు: కొనుటలో మెలకువలు

నిండు బరువుతో ఘాటురోడ్డు ఎక్కుచున్న పాత లారీ వెనుక మన బస్సు చిక్కుకొనుట అందరకును అనుభవమే. లారీ మనిషి నడకతో పోటీపడుచు కదలుచుండును. దాని పొగగొట్టమునుండి నల్లని పొగ మబ్బువలె వెడలుచుండును. ఆ నలుపు పూర్తిగా కాలని డీజిలునుండి పుట్టిన మసి. అనగా డబ్బిచ్చి కొన్న డీజిలులో కొంత భాగము బండిని లాగకయే గాలిలో కలిసిపోవుచున్నది. డ్రైవరు ఎంతగా తొక్కినను ఫలితముండదు. ఏలయన అచ్చట కొరవడినది డీజిలు కాదు, గాలి. ఈ కొరతను తీర్చుటకై ఏర్పడిన సాధనము టర్బోచార్జరు. ఒకరు వాడి విడిచిన టర్బోచార్జరు సామగ్రిని కొని పాత డీజిలు బండికి బిగించుకొనుట లాభమా, నష్టమా అనునది నేటి మన ప్రసంగ విషయము.

కమ్మరి కొలిమిని చూచినవారికి ఇందలి సూత్రము సులభముగా బోధపడును. తిత్తి ఊదినకొలది బొగ్గు రగులును. గాలి ఆగినచో ఎంత బొగ్గు పోసినను మంట పెరుగదు. ఇంజను సంగతియు ఇంతే. సామాన్యమైన డీజిలు ఇంజను, పిస్టను క్రిందికి దిగినపుడు ఏర్పడు వెలితిలోనికి తనంతట వచ్చు గాలినే పీల్చుకొనును. టర్బోచార్జరులో ఒకే ఇరుసు రెండు కొనలయందు రెండు చక్రములుండును. ఇంజను విడిచిన వేడి పొగ ఒక చక్రమును త్రిప్పును; దానితోపాటు తిరుగు రెండవ చక్రము బయటి గాలిని అదిమి సిలిండరులలోనికి పంపును. వ్యర్థముగా పోవు పొగయే ఇచ్చట తిత్తి ఊదు పని చేయుచున్నది. ఈ యూహకు స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లో పేటెంటు పొందెను. 1918లో అమెరికా ఇంజనీరు శాన్‌ఫర్డ్ మాస్ కొలరాడో రాష్ట్రములోని పైక్స్ పీక్ శిఖరముమీదికి, 14,000 అడుగుల ఎత్తునకు, విమానపు ఇంజను నొకదానిని చేర్పించి, పలుచని గాలిలో అది కోల్పోవు బలమును టర్బోచార్జరు తిరిగి ఈయగలదని నిరూపించెను.

నేడు క్రొత్త లారీలు దాదాపుగా అన్నియు కర్మాగారమునుండియే టర్బోచార్జరుతో వెలువడుచున్నవి. విడిగా కొని తగిలించుకొను ప్రశ్న వెనుకటి తరపు బండ్లకే కలుగును. ఇట్టి బేరములు మిక్కిలిగా సాగు దేశము అమెరికా. కావున అచ్చటి బండి నొకదానిని ఉదాహరణముగా తీసికొందము. ఫోర్డు కంపెనీ 1983 మోడలునుండి తన పెద్ద పికప్ ట్రక్కులలో ఇంటర్నేషనల్ హార్వెస్టరు వారు తయారుచేసిన 6.9 లీటర్ల, ఎనిమిది సిలిండరుల డీజిలు ఇంజనును అమర్చెను. 1988 మోడలులో దాని స్థానమున 7.3 లీటర్ల ఇంజను వచ్చెను. రెండును టర్బోచార్జరు లేకుండ వచ్చినవే. 1993లో మాత్రమే కర్మాగారము తానుగా టర్బోచార్జరు బిగించి అమ్మసాగెను, అదియు కొద్దికాలమే. ఈలోగా బ్యాంక్స్, ఏటీఎస్ మొదలగు సంస్థలు ఈ ఇంజనులకై విడి సామగ్రిని తయారుచేసి అమ్మినవి.

6.9 లీటర్ల ఇంజను బలము సుమారు 170 అశ్వశక్తి. సముద్రమట్టమునుండి వేయి అడుగులు ఎక్కినకొలది ఇట్టి ఇంజను బలము నూటికి సుమారు మూడు చొప్పున తగ్గును. కొలరాడోలోని ఐజన్‌హోవర్ సొరంగము 11,000 అడుగులకు పైని ఉన్నది. అచ్చటికి చేరునప్పటికి మూడింట ఒక వంతు బలము హరించిపోవును. గుఱ్ఱములనో, గడ్డి మోపులనో వెనుక బండిలో నింపి ఆ కనుమ దాటవలసిన రైతునకు టర్బోచార్జరు వేడుక వస్తువు కాదు, పనిముట్టు.

ఆ బండ్లలో పెక్కు ఇప్పటికే తుక్కు దుకాణములకు చేరినవి. వాటినుండి ఊడదీసిన సామగ్రి చేతులు మారుచున్నది. కొనువారు సాధారణముగా నిగనిగలాడు టర్బోచార్జరును చూచి ముచ్చటపడుదురు. మొదట చూడవలసినది దానిని కాదు, దానితో వచ్చు తక్కిన సరంజామాను. రెండు వైపుల సిలిండరుల పొగను ఒకచోటికి చేర్చు గొట్టము, టర్బోచార్జరునుండి పొగను వెలుపలికి కొనిపోవు గొట్టము, గాలిని ఇంజనులోనికి చేర్చు టోపీ, ఇంజను ఆయిలును తెచ్చు సన్నని గొట్టము, దానిని తిరిగి పంపు లావు గొట్టము, పట్టీలు, ఆనుడు కమ్ములు ఇవన్నియు ఉండవలెను. ఏటీఎస్ వారి సామగ్రిలో టర్బోచార్జరు ఇంజను వెనుకభాగమున నడుమ కూర్చుండును. బ్యాంక్స్ వారిదానిలో కుడిప్రక్కన వ్రేలాడును. కావున ఒకరి గొట్టము మరియొకరిదానికి అమరదు. పికప్ ట్రక్కునకు చేసినది వ్యానునకు పట్టదు.

ఇచ్చట ఒక ముఖ్యవిషయమున్నది. అరిగిన బేరింగులను మార్చి టర్బోచార్జరును బాగుచేయు సామగ్రి అంగడిలో దొరకును. పోయిన గొట్టము దొరకుట దుర్లభము. క్రొత్తగా వంచి, అతికి చేయించుకొన్నచో మిగిలిందనుకొన్న సొమ్ము అచ్చటనే తీరిపోవును. కావున గొట్టములన్నియు కలిగి, బేరింగు అరిగిన సామగ్రి, గొట్టములు లేని చక్కని టర్బోచార్జరుకన్న మంచి బేరము కావచ్చును. ఊడదీయకముందు బండిమీద నుండగా తీసిన ఫోటోలను అమ్మువానినుండి అడిగి పుచ్చుకొనుట ఎంతయో మేలు.

ఇక టర్బోచార్జరు పరీక్ష. దీని ఇరుసు నిమిషమునకు లక్ష చుట్లవరకును తిరుగగలదు. ఇంత వేగమును ఓర్చునది బేరింగులోని పలుచని ఆయిలు పొర మాత్రమే. ఇరుసును వ్రేళ్లతో పట్టి ప్రక్కలకు కదపి చూడవలెను. కొంచెము కదలిక సహజము. ఆయిలు పొర నిలుచుటకు ఆ సందు అవసరము. కాని ఎటు నొక్కి త్రిప్పినను చక్రపు రెక్కలు చుట్టునున్న గూటిని తాకరాదు. ముందువెనుకలకు లాగినపుడు కదలిక తెలిసీ తెలియనట్లుండవలెను. చేతికి స్పష్టముగా తగిలినచో బేరింగు అరిగినదని అర్థము. గాలి చక్రపు రెక్కల అంచులు నొక్కులు పడినచో, ఎప్పుడో మట్టియో, మరయో లోనికి పోయినదన్నమాట. పొగవైపు ఇనుప గూటిలో వేడికి సన్నని గీతలవంటి పగుళ్లు ఏర్పడుట కలదు. పగులు ఇవతలినుండి అవతలికి దిగినచో దానిని విడువవలెను.

పెట్టుకొనబోవు ఇంజనును పరీక్షింపక సామగ్రిని కొనుట, గుఱ్ఱము కాలు చూడక జీను కొన్నట్లగును. టర్బోచార్జరు బలమును పుట్టించునే కాని బలహీనతను మాన్పదు. ప్రతి సిలిండరులోని కంప్రెషనును కొలిపించి, అన్నియు దగ్గరదగ్గరగా నున్నవని తెలిసికొనవలెను. ఆయిలు పోయు మూత తీసినపుడు పొగ బుసబుస వెడలుచున్నచో పిస్టను రింగులు అరిగినవి. మన ఉదాహరణములోని 6.9 లీటర్ల ఇంజనులో సిలిండరు హెడ్డును బిగించు బోల్టుల మందము అంగుళములో పదునారింట ఏడు వంతులు, 7.3 లీటర్లదానిలో అర అంగుళము. కావున మొదటిదానిలో ఒత్తిడి పెంచినకొలది హెడ్ గాస్కెట్టు చెడు భయము హెచ్చు. రెండవదానికి వేరొక జబ్బు కలదు. చుట్టునున్న నీటిలో చిన్న బుడగలు పుట్టి పగులుచు సిలిండరు గోడలను బయటినుండి తొలిచివేయును. దీనికి విరుగుడుగా శీతలజలములో కలుపవలసిన మందును వెనుకటి యజమాని వేయుచుండెనా అని విచారింపవలెను. 1993లో కర్మాగారము టర్బోచార్జరు పెట్టినపుడు పిస్టను పిన్నులను లావుచేసి బలపరచినది. పాత ఇంజనులకు ఆ బలము లేదని మరువరాదు.

బిగించిన పిమ్మట రెండు మీటరులు తప్పనిసరి. ఒకటి గాలి ఒత్తిడిని చూపును. ఇట్టి పాత ఇంజనులకు చదరపు అంగుళమునకు 8 నుండి 10 పౌనులు చాలును. రెండవది పొగ వేడిని చూపును. దాని మొనను పొగ టర్బోచార్జరును చేరకముందే అమర్చవలెను. దాటిన తరువాత అమర్చినచో ఉన్న వేడికన్న చాల తక్కువ చూపి మోసగించును. 675 సెంటీగ్రేడు డిగ్రీల ప్రాంతము చేరినచో కాలు తీయవలసినదే. గాలి హెచ్చినది గదా అని పంపుమీది మరను త్రిప్పి డీజిలును విచ్చలవిడిగా పెంచువారు పిస్టనులను కరిగించుకొందురు. ఎగువ ఎక్కి ఆగినపుడు ఇంజనును వెంటనే ఆపక రెండు మూడు నిమిషములు మెల్లగా నడువనీయవలెను. లేనిచో ఎఱ్ఱగా కాలిన ఇరుసు చుట్టు నిలిచిన ఆయిలు మాడి బొగ్గగును.

మన దేశములోని బండ్ల యజమానులు మరియొక సంగతి గమనింపవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారుచేసినవారు నిర్ణయించిన వివరములకు రిజిస్ట్రేషను పత్రము భిన్నమగునట్లు బండిని మార్చుట కూడదు. కావున ఇట్టి మార్పు తలపెట్టువారు తుక్కు దుకాణమునకు పోకముందే రవాణా కార్యాలయమునకు పోయి విచారించుట క్షేమము.

మొత్తముమీద లెక్క ఇట్లు వేసికొనవలెను. సామగ్రి వెల ఒకటి. బేరింగులు, గాస్కెట్టులు, మీటరులు, కూలి రెండవది. ఇంజను తట్టుకొనలేకపోయినచో కలుగు నష్టము మూడవది. మొదటిదానిని మాత్రమే చూచి కొన్నవాడు మూడవదానిని చెల్లించును. మూడింటిని ముందే చూచుకొన్నవాని పాత బండి, బరువుతో ఎగువ ఎక్కునపుడు వెనుకనున్నవారి ముఖమున మసి కొట్టక, సాఫీగా సాగిపోవును.