మీకు తెలుసా? గెలిచినా పైకి పోలేని జట్టు

గోపన్‌పల్లికి దగ్గర్లోని గచ్చిబౌలి బాలయోగి స్టేడియమే సొంత మైదానంగా ఆడిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఫుట్‌బాల్ జట్టు, 2020లో జర్మన్ క్లబ్ బొరుస్సియా డార్ట్‌మండ్‌తో చేతులు కలిపింది.

డార్ట్‌మండ్ రిజర్వ్ జట్టంటే బెంచీ మీద కూర్చునే బాపతు కాదు. వేరే క్లబ్బుల సీనియర్ జట్లతోనే లీగ్ ఆడుతుంది. కాకపోతే జర్మనీలో ఇలాంటి రెండో జట్లేవీ మూడో డివిజన్ దాటకూడదు. 2019-20లో బయర్న్ మ్యూనిక్ రెండో జట్టు ఆ డివిజన్‌లో ఏకంగా ఛాంపియన్ అయింది. అయినా పై డివిజన్‌కు ప్రమోషన్ లేదు! జర్మన్ కప్‌లోనూ వీటికి ప్రవేశం లేదు.

ఇక హైదరాబాద్ రిజర్వ్ కుర్రాళ్లు 2022లో రిలయన్స్ ఫౌండేషన్ డెవలప్‌మెంట్ లీగ్ ఆడారు. కోచ్‌కైతే ప్రమోషన్ దక్కింది: రిజర్వ్ జట్టును తీర్చిదిద్దిన షమీల్ చెంబకత్, 2024 డిసెంబరులో సీనియర్ జట్టు తాత్కాలిక కోచ్ అయ్యారు. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది.